దిగని బరువు, మానని పుండు

పాఠకుల ఆరోగ్య సందేహాలకు వైద్యుడి జవాబులు

ఈ సంచిక కోసం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలను ఒకచోట పెట్టుకుని చదువుతుంటే, రాసినవారు వేరైనా, రోగాలు వేరైనా, చాలామంది అడిగినది దాదాపు ఒకే ప్రశ్న అని అర్థమైంది. మనసు మీద పడే భారం ఒంట్లోని రోగనిరోధక శక్తిని నిజంగానే తగ్గిస్తుందా, లేక ఏమీ తోచనప్పుడు డాక్టర్లు చెప్పే మాటా అది? అందుకే ఈసారి ఆ ఉత్తరాలనే తీసుకున్నాను. పేర్లు వేయవద్దని కోరారు కాబట్టి ఊళ్ల పేర్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మాది ఉద్దానంలో ఒక పల్లె. నా వయసు 49. మా వారికి కిడ్నీలు పాడై నాలుగేళ్లయింది, రెండున్నరేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. చీకటితో లేచి ఆయనను ఆటోలో తీసుకువెళ్లి, మధ్యాహ్నం దాటాక ఇంటికి తెచ్చుకుంటాను. మిగిలిన రోజుల్లో జీడిపిక్కల పనికి వెళ్తాను. కొడుకు చెన్నైలో ఉంటాడు. ఈ ఏడాదిలోనే నాకు ఐదుసార్లు జలుబు, దగ్గు వచ్చాయి. పిక్క పెంకులోని జీడి తగిలి వేలి మీద పడిన పుండు పూర్వమైతే పది రోజుల్లో ఆరిపోయేది, ఈసారి నెల దాటినా పచ్చిగానే ఉంది. సంక్రాంతి తరవాత నడుముకు ఒకవైపు పట్టీలా పొక్కులు లేచి ఒకటే మంట. ఊళ్లో అక్కి అన్నారు, ఎర్రమట్టితో రాయించుకున్నాను. పొక్కులు ఎండాయి గాని మంట పోలేదు. చూసినవారంతా ‘నీకు రోగమేమీ లేదు, టెన్షన్ తగ్గించుకో’ అంటున్నారు. టెన్షన్ వల్ల పుండు మానకుండా ఉంటుందా? ఉంటే, నా ఇంటి పరిస్థితిలో దాన్ని ఎలా తగ్గించుకోవాలి?
(ఒక సోదరి, కవిటి మండలం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు, అవును. ఏళ్ల తరబడి దించుకోవడానికి వీలులేని బరువు మోసేవారికి పుండ్లు ఆలస్యంగా మానుతాయి. ఇది కొలిచి చూసి చెప్పిన విషయం. దాన్ని వివరించే ముందు ఒక మాట చెప్పాలి. మిమ్మల్ని ‘టెన్షన్’ అన్న ఒక్క మాటతో పంపించివేయడం సరైన పని కాదు. నెల దాటినా మానని పుండు, మాటిమాటికీ వచ్చే దగ్గు, యాభై ఏళ్లు నిండకుండానే వచ్చిన అక్కి, ఈ మూడూ ఒకే మనిషిలో కనిపించినప్పుడు మొట్టమొదట చూడవలసినది చక్కెర వ్యాధి ఉందా అన్నది. పరగడుపున రక్తంలో చక్కెర, గడిచిన రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ, రక్తహీనతను తెలిపే హిమోగ్లోబిన్ పరీక్షలు ఈ వారంలోనే చేయించుకోండి. దగ్గు ఎప్పుడైనా రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష తప్పనిసరి. క్షయకు పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతాయి. మీ వయసులో అక్కి వచ్చినవారికి హెచ్‌ఐవీ పరీక్ష కూడా మేము మామూలుగానే రాస్తాం, రాస్తే నొచ్చుకోవద్దు. ఇవన్నీ బాగున్నాయని తేలిన తరవాతే మానసిక ఒత్తిడి గురించి మాట్లాడే హక్కు వైద్యుడికి వస్తుందని నా అభిప్రాయం.

ఇక పుండు సంగతి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి 1995లో ప్రచురించిన ఒక పరిశోధన మీ ఇంటి కథకు చాలా దగ్గరగా ఉంటుంది. మతిమరుపు వ్యాధి వచ్చిన దగ్గరి బంధువును ఇంట్లోనే ఉంచుకుని చూసుకుంటున్న 13 మంది స్త్రీలను, వయసులోను కుటుంబ ఆదాయంలోను వారికి సరిజోడుగా ఉండి అలాంటి భారం లేని మరో 13 మందిని ఆమె ఎంచుకున్నారు. అందరికీ ముంజేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, అది మానే దాకా గమనిస్తూ వచ్చారు. గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే నురగ రాని రోజున మానినట్టు లెక్క. ఏ భారమూ లేనివారికి సగటున 39 రోజులు పట్టింది, రోగిని చూసుకుంటున్నవారికి దాదాపు 49 రోజులు పట్టింది. అదే గాయం, అదే లోతు. తొమ్మిది రోజులకు పైగా తేడా వచ్చింది. ఆ పట్టిక చూసిన ప్రతిసారీ, డయాలసిస్ గది బయట బల్లల మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చునే మన ఆడవాళ్లే నాకు గుర్తుకు వస్తారు. లోపల మంచం మీద ఉన్నవారికి ప్రతిసారీ బీపీ చూస్తారు, బరువు తూస్తారు. బయట కూర్చున్నవారిని ‘నువ్వు తిన్నావా, పడుకున్నావా’ అని అడిగేవారు ఉండరు.

ఇలా ఎందుకు జరుగుతుందో చెబుతాను. భయమో, ఆందోళనో కలిగినప్పుడు మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే భాగం నరాల ద్వారా నేరుగాను, పీయూష గ్రంథి ద్వారాను, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు పంపుతుంది. ముందు అడ్రినలిన్, ఆ వెనుక కార్టిసాల్ అనే హార్మోను రక్తంలో కలుస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, చక్కెర రక్తంలోకి వస్తుంది. తెల్ల రక్తకణాలు తాము నిలువ ఉన్న చోట్ల నుంచి రక్తంలోకి వచ్చి, దెబ్బ తగిలే అవకాశం ఉన్న చర్మం వంటి చోట్లకు చేరుతాయి. అంటే కాసేపటి ఒత్తిడి రోగనిరోధక శక్తిని తగ్గించదు, కొంతవరకు సిద్ధం చేస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, రేకులు ఎగిరిపోతుంటే పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తినవారి ఒంట్లో పనిచేసినది ఈ ఏర్పాటే. ఆ రాత్రి ఒంటికి మేలే చేసింది. అసలు చేటు ఆ తరవాత మొదలవుతుంది. కూలిన కొబ్బరి తోట స్థానంలో పెట్టిన మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది, ఆ ఐదారేళ్లూ అప్పు, వడ్డీ, పిల్లల చదువు తలలో తిరుగుతూనే ఉంటాయి. మీకు డయాలసిస్ రోజులు వచ్చి పోవడమూ అలాంటిదే.

కార్టిసాల్ ఉదయం నిద్ర లేచే వేళకు ఎక్కువగా ఉండి, పొద్దు గూకేకొద్దీ తగ్గి, నడిరాత్రికి అడుగంటాలి. ఒత్తిడి నెలల తరబడి కొనసాగితే ఈ ఆటుపోటు దెబ్బతింటుంది. గాయం అయిన చోట తెల్ల కణాలు కొన్ని రసాయన సంకేతాలను విడుదల చేసి మిగిలిన కణాలను పిలిస్తేనే శుభ్రం చేసే పని, కొత్త చర్మం అల్లే పని మొదలవుతాయి. కార్టిసాల్ ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఆ పిలుపు బలహీనపడుతుంది. మరోవైపు, రోజూ అదే హార్మోనుకు అలవాటు పడిన కణాలు దాని మాట వినడం మానేస్తాయి. వాపును ఆపవలసిన సమయంలో ఆపేవారు ఉండరు కాబట్టి లోలోపల సన్నని వాపు ఆరకుండా రగులుతూ ఉంటుంది. అందుకే దీర్ఘకాలపు ఒత్తిడిలో ఉన్నవారికి అంటువ్యాధుల మీద పోరు తగ్గడమూ, కీళ్లు, కండరాలు పీకుతూ ఉండడమూ రెండూ కలిసి కనిపిస్తాయి.

అక్కి గురించి. చిన్నప్పుడు మీకు అమ్మవారు పోసి ఉంటుంది. ఆ ఆటలమ్మ వైరస్ ఒంటిని విడిచి పోదు, వెన్నెముక పక్కన నరాల మొదళ్లలో దశాబ్దాల పాటు అణగి ఉంటుంది. టీ లింఫోసైట్లు అనే కణాల కాపలా సడలినప్పుడు ఆ నరం వెంటే బయటికి వస్తుంది, అందుకే పొక్కులు ఒకేవైపు పట్టీలా లేస్తాయి. వయసు పెరగడం దీనికి ప్రధాన కారణం, ఒత్తిడి తోడు కారణం కావచ్చు. అక్కి రాయించుకోవడం మన వైపు పాత అలవాటు, దాన్ని తప్పు పట్టను. పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతట అవే ఎండుతాయి. పొక్కులు కనిపించిన 72 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేసే వైరస్ మందులు ఉన్నాయి. ఎర్రమట్టి రాయించుకునే రోజునే ఆసుపత్రికి కూడా వెళ్లి ఉంటే బాగుండేది. ఇప్పుడు మిగిలిన మంట నరానికి సంబంధించినది, మామూలు నొప్పి బిళ్లలు దానికి పనిచేయవు. నరాల మంటకు వేరే మందులు ఉన్నాయి, వాటిని వైద్యుడు రాస్తారు. నొప్పి బిళ్లలు దుకాణంలో కొని వేసుకోవద్దు, మీ వారికైతే పొరపాటున కూడా ఇవ్వవద్దు. అవి మూత్రపిండాలకు చేసే చేటు ఉద్దానంలో ఒకరు చెప్పవలసిన అవసరం లేదు.

ఎలా తగ్గించుకోవాలన్న మీ రెండో ప్రశ్నే కష్టమైనది. రోగాన్ని మీరు తీసివేయలేరు, డయాలసిస్‌ను మానిపించలేరు, పిక్కల పని మానుకోలేరు. అందువల్ల ‘టెన్షన్ పడకు’ అన్న సలహా మీకు ఉపయోగపడదు. మోసే చేతులు పెరగాలి. వారంలో మూడు డయాలసిస్ రోజుల్లో కనీసం ఒక్క రోజు మరొకరు తీసుకువెళ్లే ఏర్పాటు చేయండి, మీ ఆడపడుచో, మరిదో, పక్కింటి కుర్రాడో ఎవరైనా సరే. మీ ఊళ్లోనే డయాలసిస్‌కు వెళ్లే మరో ఇల్లు ఉంటే రెండు ఇళ్లవారూ ఒకే రోజులు అడిగి తీసుకుని, ఒక వారం మీరు, ఒక వారం వారు తోడు వెళ్లవచ్చు. మీ అబ్బాయికి ఈ పేజీ పంపండి. డబ్బు పంపడంతో పాటు ఏడాదికి రెండుసార్లు పదేసి రోజులు వచ్చి నాన్నను తాను చూసుకోవడం అమ్మకు వైద్యంలో భాగమని ఆయనకు నా మాటగా చెప్పండి.

ఒక చిన్న విషయం నేను చాలా ఇళ్లలో గమనించాను. రోగికి ఉప్పు తగ్గించాలి, పొటాషియం ఎక్కువ ఉన్న పళ్లు, కొబ్బరినీళ్లు ఇవ్వకూడదు అన్నప్పుడు, రెండు కుండలు ఎక్కించే ఓపిక లేక ఇంటావిడ కూడా ఆ చప్పిడి కూడే తిని పడుకుంటుంది, లేదా ఆయన తినగా మిగిలింది తింటుంది. ఆయన పథ్యం మీకు పథ్యం కాకూడదు. మీకు పప్పు కావాలి, గుడ్డు కావాలి, దొరికినప్పుడు చేప కావాలి. పొద్దున్నే చోడి అంబలి తాగి, గుడ్డు తిని ఆటో ఎక్కండి. మీ చెట్టు కొబ్బరిబొండాం ఆయన తాగకూడదు గాని, మీరు తాగవచ్చు. వేలికి పుండు ఉన్నన్నాళ్లు పిక్కల పనిలో ఆ చేతికి రబ్బరు తొడుగు వాడండి, జీడి మళ్లీ మళ్లీ తగులుతుంటే ఏ మందూ దాన్ని మాన్పలేదు. రాత్రుళ్లు నిద్ర పట్టక, ఏడుపు ఆగక, ఏ పనీ చేయబుద్ధి కాక రెండు వారాలు గడిస్తే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ-మానస్ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: నేను విజయనగరంలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాను. చదివినన్నాళ్లు ఆరోగ్యంగానే ఉంటాను, పరీక్ష రాసి ఇంటికి వచ్చిన రెండో రోజుకే జలుబు, జ్వరం. పెదవి చివర పొక్కులు కూడా వస్తాయి. నాలుగు పరీక్షలకూ ఇదే జరిగింది. పరీక్షంటే నాకు భయం లేదు. కారణం ఏమిటి?
(ఒక విద్యార్థి, విజయనగరం)

జవాబు: జలుబు వైరస్ ఒంట్లో చేరిన ఒకటి నుంచి మూడు రోజులకు ముక్కు కారడం మొదలవుతుంది. అంటే పరీక్ష అయిన రెండో రోజు బయటపడిన జలుబు, పరీక్షకు ముందు రోజో, రాసిన రోజో, కిక్కిరిసిన బస్సులోనో మీకు అంటుకుని ఉంటుంది. పరీక్ష ముగిసినందువల్ల వచ్చింది కాదది, అంతకుముందు వారాల ఫలితం. పెదవి పొక్కులదీ దాదాపు అదే కథ. ఒకసారి ఒంట్లో చేరిన హెర్పిస్ వైరస్ ముఖపు నరంలో అణగి ఉండి, కాపలా సడలినప్పుడు పైకి వస్తుంది.

అదే వైరస్ పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికే ఎందుకు జలుబు తెప్పిస్తుందన్నది షెల్డన్ కోహెన్ అనే శాస్త్రవేత్త జీవితమంతా వెతికిన ప్రశ్న. ఆయన బృందం ఇంగ్లండులో 394 మంది ఆరోగ్యవంతులను ఒప్పించి, వారి ఒత్తిడి స్థాయిని ప్రశ్నలతో కొలిచి, ఆ తరవాత జలుబు వైరస్ ఉన్న చుక్కలు ముక్కులో వేసి, వేరుగా ఉంచి గమనించింది. 1991లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం ఒత్తిడి అతి తక్కువగా ఉన్నవారిలో సుమారు 27 శాతం మందికి జలుబు చేస్తే, అతి ఎక్కువగా ఉన్నవారిలో సుమారు 47 శాతం మందికి చేసింది. ఒత్తిడి మెట్టు మెట్టుకీ ఆ సంఖ్య పెరుగుతూ వచ్చింది. వైరస్ అందరికీ వేసినదే కాబట్టి ‘ఒత్తిడిలో ఉన్నవారు ఎక్కువగా జనంలో తిరిగి అంటించుకున్నారేమో’ అనే సందేహానికి ఇక్కడ తావు లేదు. 1998లో మరో 276 మంది మీద చేసిన ప్రయోగంలో ఇంకో సంగతి తేలింది. నెల లోపు తీరిపోయిన కష్టాలు జలుబును పెంచలేదు. నెల, అంతకు మించి సాగిన ఉద్యోగం లేని బాధ, ఇంటివారితో తగువులు పెంచాయి.

పరీక్షల ప్రభావాన్ని గాయాలతోనూ చూశారు. 11 మంది దంత వైద్య విద్యార్థుల అంగిట్లో చిన్న గాయం ఒకసారి వేసవి సెలవుల్లోను, మరోసారి పరీక్షల ముందు చేస్తే, పరీక్షలప్పటిది మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది. 11 మందిలో ఒక్కరికి కూడా పరీక్షల్లో సెలవుల్లోకన్నా త్వరగా మానలేదు. వారిలో కూడా ‘నాకు పరీక్షలంటే భయం లేదు’ అనే ధీమా ఉన్నవారు ఉండే ఉంటారు. భయం మనకు తెలిసి ఉండాలని లేదు, శరీరం దాని లెక్క అది రాసుకుంటుంది.

మీకు నేను చెప్పగలిగిన ముఖ్యమైన మాట నిద్ర గురించి. మీరు ఎన్ని గంటలు పడుకుంటున్నారో ఉత్తరంలో రాయలేదు, అది రాయకపోవడమే నాకు అనుమానం కలిగించింది. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో 164 మందికి చేతి గడియారం లాంటి పరికరం కట్టి వారం పాటు నిద్రను కొలిచి, ఆ తరవాత ముక్కులో వైరస్ వేస్తే, ఆరు గంటలకన్నా తక్కువ పడుకున్నవారికి, ఏడు గంటలకు మించి పడుకున్నవారితో పోల్చినప్పుడు, జలుబు చేసే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. ఆఖరి పది రోజుల్లో రాత్రి రెండింటి దాకా టీలు తాగి చదివే అలవాటు మన గదుల్లో ఉన్నది. ఆ పది రోజులూ ఏడు గంటల నిద్రకు చోటు ఉంచి, చదువును అంతకుముందు నెలల్లోకి జరపండి. ఐదో పరీక్ష తరవాత ఏమైందో నాకు రాయండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, సైన్సు చెప్పేవాణ్ణి. మనసు అనేది ఆలోచన, రక్తకణం అనేది పదార్థం. ఆలోచన వెళ్లి కణాన్ని ఎలా తాకుతుంది? ఇది కొత్త పేరు పెట్టుకున్న పాత నమ్మకం కాదా?
(ఒక పాఠకుడు, బొబ్బిలి)

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్ననే శాస్త్రజ్ఞులు కూడా దశాబ్దాల పాటు అడిగారు. రోగనిరోధక వ్యవస్థ తన పని తాను చేసుకుంటుందని, మెదడుతో దానికి పని లేదని 1970ల దాకా పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. అనుమానానికి మొదటి ఆధారం మాత్రం చాలా ముందే దొరికింది. కెనడాలోని మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే ఎలుకలకు చలి, గాయం, అతి శ్రమ, విషం వంటి రకరకాల బాధలు పెట్టి చూస్తే, బాధ ఏదైనా లోపల కనిపించిన మార్పులు మూడే: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, కడుపులో పుండ్లు పడ్డాయి, లింఫోసైట్లు పెరిగే థైమస్, లింఫు గ్రంథులు కుంచించుకుపోయాయి. 1936లో ‘నేచర్’ పత్రికకు రాసిన చిన్న లేఖలో ఆయన ఈ సంగతి ప్రకటించారు. కార్టిసాల్ జాతికి చెందిన కార్టిసోన్‌కు వాపును అణచే శక్తి ఉందని కీళ్లవాతం రోగుల మీద చూపినందుకు ఫిలిప్ హెంచ్‌కు, ఆ హార్మోన్ల మీద పనిచేసిన ఎడ్వర్డ్ కెండాల్, టాడియస్ రైక్‌స్టైన్‌లకు 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. భయపడినప్పుడు విడుదలయ్యే పదార్థమూ, రోగనిరోధక కణాలను అణచే పదార్థమూ ఒకే కుటుంబానివని అప్పటికే తేలిపోయిందన్న మాట. ఆలోచన కణాన్ని తాకే దారుల్లో ఇది ఒకటి.

రెండో దారి అనుకోకుండా బయటపడింది. అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఏడర్ ఎలుకలకు తియ్యని శాకరిన్ నీళ్లు తాగించి, వెంటనే కడుపులో తిప్పే సైక్లోఫాస్ఫమైడ్ మందు ఇచ్చారు. తీపికీ, వికారానికీ ముడిపడితే ఎలుకలు ఆ తీపిని ఎన్నాళ్లు గుర్తుంచుకుంటాయన్నదే ఆయన చూడదలచినది. ఆ తరవాత ఉత్త శాకరిన్ నీళ్లు మాత్రమే ఇస్తున్నా కొన్ని ఎలుకలు చనిపోవడం మొదలుపెట్టాయి, ఎక్కువ శాకరిన్ తాగినవి ఎక్కువగా చనిపోయాయి. ఆ మందుకు రోగనిరోధక శక్తిని అణచే గుణం కూడా ఉంది. తీపి రుచి తగలగానే మెదడు, మందు రాకపోయినా వచ్చినట్టే, ఆ శక్తిని అణచివేస్తోందా అని ఆయనకు తోచింది. నికొలస్ కోహెన్ అనే రోగనిరోధక శాస్త్రజ్ఞుడితో కలిసి మళ్లీ జాగ్రత్తగా ప్రయోగం చేసి, నిజంగానే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తగ్గుతున్నాయని 1975లో చూపించారు. గంట కొట్టి అన్నం పెట్టడం అలవాటు చేస్తే, ఆ తరవాత ఉత్త గంట మోగినా కుక్కకు చొంగ కారడం గురించి మీరు తరగతిలో ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. ఇక్కడ చొంగ స్థానంలో రక్తకణాలు ఉన్నాయి. కొన్నేళ్లకు డేవిడ్ ఫెల్టన్ అనే శాస్త్రజ్ఞుడు తెల్ల కణాలు నిలువ ఉండే ప్లీహం అనే అవయవం ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినప్పుడు నరాల కొసలు నేరుగా తెల్ల కణాల పక్కకు వచ్చి ఆగి ఉండటం కనిపించింది. ఆ కణాల మీద అడ్రినలిన్ జాతి హార్మోన్లను అందుకునే గ్రాహకాలు ఉన్నాయని కూడా తెలిసింది. తీగ ఉంది, తీగ చివర చెవి ఉంది. కాబట్టి ఆలోచన అనేది కూడా మెదడు కణాల పనేనని ఒప్పుకుంటే, అది రక్తకణాన్ని తాకడంలో వింత లేదు.

మీ సందేహంలో న్యాయం లేదని మాత్రం అనను. మనసుతో క్యాన్సరును కూడా కరిగించవచ్చని చెప్పుకుని తిరిగేవారు ఈ పరిశోధనలనే అడ్డు పెట్టుకుంటున్నారు. ఒత్తిడి జలుబును పెంచుతుంది, గాయాన్ని ఆలస్యంగా మాన్పుతుంది, టీకాకు స్పందనను కొంత తగ్గిస్తుంది. అంతవరకు గట్టి ఆధారం ఉంది. దాన్ని దాటి చెప్పేవారిని మీరు తరగతిలో అడిగినట్టే అడగండి.

ప్రశ్న: మా చెల్లెలికి 32 ఏళ్లు. కీళ్లవాతం అని తేలింది. ‘అతిగా ఆలోచించి తెచ్చుకుంది’ అని అత్తవారింట్లో అంటున్నారు. ఆలోచన వల్ల ఈ జబ్బు వస్తుందా?
(ఒక అక్క, ఆమదాలవలస)

జవాబు: ‘తెచ్చుకుంది’ అన్న మాట తప్పు, దాన్ని మీరు ఇంట్లో గట్టిగా ఖండించాలి. రుమటాయిడ్ కీళ్లవాతంలో రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్లనే పరాయివనుకుని దాడి చేస్తుంది. దీనికి వంశపారంపర్యంగా వచ్చే జన్యువులు, పొగ, స్త్రీగా పుట్టడం వంటి కారణాలు అనేకం ఉన్నాయి, అందులో ఎవరూ కావాలని తెచ్చుకున్నది లేదు. స్వీడన్‌లో తీవ్రమైన మానసిక ఆఘాతం వల్ల జబ్బుపడిన లక్షా ఆరు వేల మందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఇలాంటి జబ్బులు ఏడాదికి వెయ్యి మందిలో 9 మందికి, అలాంటి ఆఘాతం లేనివారిలో 6 మందికి వచ్చినట్టు తేలింది. తేడా ఉంది, నిజమే. కాని ఆఘాతం తగిలిన ఆ వెయ్యి మందిలోనూ ఆ ఏడాది 991 మందికి ఈ జబ్బులు రాలేదు. పైగా ఆఘాతం ఎవరి తప్పూ కాదు.

ఈ విషయంలో వైద్యులమే ఒకప్పుడు పెద్ద పొరపాటు చేశాం. కడుపులో పుండు అంటే ఆదుర్దా మనుషుల జబ్బు అని ఎన్నో ఏళ్లు నమ్మి, రోగులకు ‘కోపం తగ్గించుకో, కారం తగ్గించుకో’ అని చెప్పి పంపాం. చాలా పుండ్లకు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కారణమని ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుక్కున్నారు, 2005లో వారికి నోబెల్ వచ్చింది. రెండు వారాల మందులతో మానే జబ్బుకు మనిషి స్వభావాన్ని నిందించాం. మీ చెల్లెలి విషయంలో అది మళ్లీ జరగకూడదు. కీళ్లు వంకర పోకముందే, తొలి నెలల్లోనే కీళ్ల వైద్య నిపుణుడు రాసిన మందులు మొదలుపెట్టడం అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో దెప్పిపొడుపులు నొప్పిని పెంచుతాయి, నిద్రను చెడగొడతాయి, ఆ సంగతి వారికి తెలియజేయండి.

ప్రశ్న: ఇమ్యూనిటీ పెంచే పొడులు, బిళ్లలు వాడవచ్చా? మా ఊళ్లో ఒకరు నీరసానికి, ఒళ్లునొప్పులకు బిళ్లలు ఇస్తున్నారు, వేసుకున్న రోజే హుషారు వస్తోంది.
(ఒక పాఠకుడు, రాజాం)

జవాబు: పొడుల వల్ల ఒత్తిడి దెబ్బ సరిదిద్దుకున్నట్టు నమ్మదగిన ఆధారం లేదు, ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, ఆకుకూరలు కొనుక్కోండి. మీ రెండో వాక్యం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. వేసుకున్న రోజే నొప్పులు పోయి, ఆకలి పుట్టి, హుషారు వచ్చే పేరులేని బిళ్లల్లో తరచుగా ఉండేవి స్టీరాయిడ్లు, అంటే కార్టిసాల్‌కు అన్నదమ్ములు. ఏళ్ల ఒత్తిడి రోగనిరోధక శక్తికి చేసే చేటును అవి నెలల్లోనే, ఎన్నో రెట్లు ఎక్కువగా చేయగలవు. చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, అణగి ఉన్న క్షయ పైకి లేస్తుంది. ఆ బిళ్లలు కొత్తగా వాడుతుంటే కొనడం ఆపండి. రెండు మూడు వారాలకు మించి రోజూ వాడి ఉంటే మాత్రం ఒక్కసారిగా మానవద్దు. ఒంట్లో సొంత కార్టిసాల్ తయారీ అప్పటికి నిద్రపోయి ఉంటుంది, హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. ఆ బిళ్లను చేతిలో పట్టుకుని జిల్లా ఆసుపత్రిలో ఫిజీషియన్‌కు చూపించండి, మోతాదును మెల్లగా తగ్గించి మాన్పిస్తారు. ఆస్తమా, కీళ్లవాతం వంటి జబ్బులకు డాక్టరు కాగితం మీద రాసి, చూస్తూ వాడించే స్టీరాయిడ్ల గురించి నేను ఈ మాట అనడం లేదు, అవి ప్రాణాలు నిలిపే మందులు.

ప్రశ్న: మా నాన్నగారికి డయాలసిస్ జరుగుతోంది. ఆయనతో పాటు మమ్మల్ని కూడా ఫ్లూ టీకా వేయించుకోమన్నారు. రాత్రిళ్లు ఆయన దగ్గర మేలుకుని ఉంటున్నాను. నిద్ర లేని ఒంటికి టీకా పట్టదని ఒకరు అన్నారు. వాయిదా వేయనా?
(ఒక కుమార్తె, నరసన్నపేట)

జవాబు: వాయిదా వేయవద్దు. మీకు చెప్పినవారి మాటలో సగం నిజం ఉంది. మతిమరుపు రోగులను చూసుకుంటున్న 32 మంది మీద 1996లో చేసిన పరిశోధనలో, ఆ భారం లేనివారితో పోలిస్తే వారికి ఫ్లూ టీకా స్పందన తక్కువగా వచ్చింది. నిద్ర మీద చేసిన మరో ప్రయోగంలో, ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకున్న యువకులకు టీకా వేస్తే, పదో రోజుకు వారి ప్రతిరక్షకాలు మామూలుగా పడుకున్నవారిలో సగం కూడా లేవు. కాని మూడు నాలుగు వారాలు గడిచేసరికి ఇద్దరికీ ఇంచుమించు సమానమయ్యాయి. కాబట్టి తక్కువ స్పందన అయినా టీకా లేకపోవడంకన్నా ఎంతో మేలు, ఇంట్లో మీకు ఫ్లూ రాకపోవడమే నాన్నగారికి మొదటి కాపు. వీలైతే టీకాకు ముందు రెండు రాత్రులు, తరవాత రెండు రాత్రులు నాన్నగారి దగ్గర మీ తమ్ముడినో, పిన్నినో పడుకోబెట్టి మీరు వేరే గదిలో నిద్రపోండి. వీలు కాకపోతే అలాగే వెళ్లి వేయించుకోండి. నాన్నగారి హెపటైటిస్-బి టీకా మోతాదులన్నీ పూర్తయ్యాయో లేదో డయాలసిస్ కేంద్రంలో అదే రోజు అడగండి.